ఈగలకు ఆదివారం లేదు

హైదరాబాదులో ఒక ఫ్లై ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్న తెనాలి అమ్మాయికి ఇంటి నుంచి ఫోనొస్తే రెండు ప్రశ్నలు తప్పవు. "తిన్నావా?" అన్నదానికి అబద్ధం చెప్పి గట్టెక్కొచ్చు. "ఏం చేస్తున్నావే?" అన్నదానికి నిజం చెబితేనే చిక్కు. అటువైపు స్పీకర్ ఆన్‌లో ఉందనీ, పక్కనే పెదనాన్న కూర్చున్నాడనీ తెలియక ఓసారి "వర్జిన్లని ఏరుతున్నానమ్మా" అనేసింది. ల్యాబులో అందరూ అనే మాటే అది. అవతల చప్పుడు లేదు. సర్దుకుని "ఈగలు, ఆడ ఈగలు" అంది. పెదనాన్నకి అది మరీ అధ్వానంగా వినిపించింది. ఎమ్మెస్సీలో గోల్డ్ మెడల్ తెచ్చుకున్న పిల్ల ఈగలు ఏరడమేమిటి?

ఏరక తప్పదు మరి. అరటిపళ్ల మీద ముసిరే ఆ చిన్న ఈగ పేరు డ్రోసోఫిలా. ప్యూపా నుంచి బయటపడ్డ ఆడ ఈగ 25 డిగ్రీల వేడిలో సుమారు 8 గంటల దాకా మగ ఈగని దగ్గరికి రానివ్వదు. ఆలోపే దాన్ని వేరు చేసి, రాసిపెట్టుకున్న మగ ఈగతో జత చెయ్యాలి. ఆలస్యమైతే అదే ఎవరినో చూసుకుంటుంది. చూసుకున్నాక ఆ వీర్యాన్ని ఒంట్లో దాచుకుని రోజుల తరబడి గుడ్లు పెడుతూనే ఉంటుంది. అలాంటిది ఒక్కటి కలిసినా ఆ క్రాస్ మొత్తం పారబొయ్యడమే. ఇంట్లోవాళ్లు పిల్లకి సంబంధాలు వెతుకుతుంటే, పిల్లేమో మైక్రోస్కోపు కింద బొమ్మలేసే సన్నటి కుంచెతో ఈగల జాతకాలు చూస్తూ ఉంటుంది. రెండుచోట్లా సంబంధాలు తప్పిపోతూనే ఉన్నాయి.

అందుకని పొద్దున సీసాలు దులపాలి, మధ్యాహ్నం ఏరాలి, సాయంత్రం ఏరాలి. రాత్రి 18 డిగ్రీల ఇంక్యుబేటర్లోకి మారిస్తే చలికి అన్నీ నెమ్మదించి 16 గంటల వెసులుబాటు దొరుకుతుంది. పీహెచ్‌డీ విద్యార్థి నిద్ర అనేది ఆ వెసులుబాటులోంచే రావాలి. ఆదివారం, సంక్రాంతి, చెల్లెలి నిశ్చితార్థం, ఏవీ ఈగల క్యాలెండరులో లేవు.

ఇక వాటి తిండి. దీని గురించి కొంచెం చెప్పుకోవాలి. కొంచెంతో అయ్యే పని కాదని ముందే మనవి.

మొక్కజొన్న పిండి, పంచదార, ఈస్టు, అగర్. అగర్ అంటే మన ఇళ్లలో జెల్లీల్లో వేసే చైనా గ్రాస్. నీళ్లు మరిగించి, అగర్ కరిగించి, పిండి పోసి, అడుగంటకుండా తిప్పుతూనే ఉండాలి. పలచనైతే ఈగలు అందులో కూరుకుపోయి చస్తాయి. గట్టిపడితే ఎండి గోడ వదిలేసి సీసాలో పిడచలా దొర్లుతుంది. ఈ సంగతులు రాసిన ప్రోటోకాల్ ప్రతి ల్యాబులోనూ గోడకి అంటించి ఉంటుంది, పోయినసారి వంట తాలూకు మరకలతో. ఎంత పలచన, ఎంత గట్టి అన్నది మాత్రం ఏ కాగితం మీదా ఉండదు. సీనియర్ చెయ్యి చూసి నేర్చుకోవాలి. సీనియర్ థీసిస్ రాసుకుంటూ ఉంటుంది.

ఓ రోజు పిండి ఉండలు కట్టింది. వీడియో కాల్‌లో ఉన్న తల్లి, కూతురి పరిశోధన గురించి ఏళ్ల తరబడి ఒక్క ముక్కా అర్థంకాక తలాడిస్తూ వచ్చిన తల్లి, ఒక్కసారిగా ముందుకు జరిగింది. "పిండి ముందు చన్నీళ్లలో కలుపుకోవాలే పిచ్చిమొహమా! మరిగేదాంట్లో పొడిపిండి పోస్తే ఉండలు కట్టవూ? మంట తగ్గించు. గరిటె అంచుకి ఆనించి తిప్పు." ఆ పూట ఆ ల్యాబుకి అసలైన గైడు ఆవిడే. చివర్లో "రెండు యాలక్కాయలు కొట్టి వెయ్యకపోయావా" అంది. యాలకులు కాదమ్మా, ప్రొపియోనిక్ యాసిడ్ వెయ్యాలి, బూజు పట్టకుండా. అదీ దించి 60 డిగ్రీలకి చల్లారాక, లేకపోతే ఆవిరి ముక్కు పగలగొడుతుంది. ఆవిడకి ఆ మాట నచ్చలేదు. పెట్టేది ఈగలకైనా, తినే పదార్థంలో యాసిడ్ పోస్తారా అని చాలా రోజులు బాధపడింది.

చల్లారిన సీసాల మీద పల్చటి గుడ్డ కప్పాలి, లేకపోతే బయట తిరిగే ఊరీగలు వచ్చి ముందే గుడ్లు పెట్టిపోతాయి. దూది బిరడాలు వందలకొద్దీ చుట్టాలి. వర్షాకాలంలో బూజు, ఎండాకాలంలో ఏసీ ఆగిపోవడం. 30 డిగ్రీలు దాటితే మగ ఈగలు గొడ్డుబోతాయి, మే నెల హైదరాబాదులో కరెంటు పోతే ఎన్నాళ్ల శ్రమ పోతుందో చెప్పక్కర్లేదు. ఇంత చేసి హాస్టలుకెళ్లేసరికి మెస్సులో మిగిలేది సాంబారు గిన్నె అడుగు. ఈగలకి మాత్రం ఎప్పుడూ తాజా భోజనమే.

"మూగజీవాలకి వండి పెడుతున్నావు, పుణ్యమే తల్లీ" అంది బామ్మ. బల్ల మీద ఆల్కహాలు నింపిన సీసా ఒకటి ఉంటుందనీ, దాన్ని మార్చురీ అంటారనీ, లెక్కపెట్టడం అయిపోయిన ఈగలన్నీ అందులోకే పోతాయనీ బామ్మకి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

"ఇంకా ఎన్నాళ్లే?" అన్నది మూడో ప్రశ్న. ఇది పెళ్లిళ్లలో అడుగుతారు, అందుకే ఆమె పెళ్లిళ్లకి వెళ్లడం మానేసింది. ఫెలోషిప్పు లెక్క ఐదేళ్లు. రెండేళ్లు జూనియర్ (జేఆర్ఎఫ్), మూడేళ్లు సీనియర్ (ఎస్ఆర్ఎఫ్). 2023 జనవరి నుంచి మొదటిదానికి నెలకి 37 వేలు, రెండోదానికి 42 వేలు అన్నారు. కాగితం మీద ముచ్చటగానే ఉంది. వచ్చే నెల ఏదో తెలిస్తే ఇంకా ముచ్చటగా ఉండేది. గుడ్డు నుంచి ఈగ అయ్యేదానికి 10 రోజులు చాలు కాబట్టి, ఆ ఐదేళ్లలో సీసాల్లో సుమారు 180 తరాలు గడుస్తాయి. తరానికి 25 ఏళ్ల చొప్పున మనుషుల లెక్కకి మారిస్తే 4,500 ఏళ్లు, అంటే హరప్పా పట్టణాల నుంచి ఇవాళ్టి దాకా. ఆమె ఇంకా మూడో చాప్టరులోనే ఉంది.

నెమ్మదిగా ఉందంటే చాలు, ఆల్‌ఫ్రెడ్ స్టర్టివంట్ కథ వినిపించే గైడ్లకి కొదవలేదు. 1911లో కొలంబియా యూనివర్సిటీలో థామస్ హంట్ మోర్గన్ దగ్గర పనిచేస్తున్న ఈ డిగ్రీ కుర్రవాడు, ఒక రాత్రి హోంవర్కు పక్కనపెట్టి కూర్చుని, ఈగ ఎక్స్ క్రోమోజోము మీద ఏ జన్యువు ఎక్కడుందో పటం గీసేశాడు. ప్రపంచంలో మొదటి జన్యుపటం అదే. మంచి కథే. అయితే అదే గదిలో సీసాలు కడగడానికి చేరిన కాల్విన్ బ్రిడ్జెస్ కూడా విద్యార్థేననీ, అతనూ గొప్ప శాస్త్రవేత్త అయ్యాడనీ చెప్పుకొచ్చే గైడు తక్కువ. ఎప్పుడైనా చెబితే, సీసాలు కడగమనడానికే.

అసలు బాధ తెల్లవారుజామున. ప్యూపాలు చీల్చుకుని ఈగలు ఎక్కువగా బయటికొచ్చేది ఆ వేళకే. చీకట్లో ఉంచినా సరే, లోపలున్న గడియారం ప్రకారం వాటి పొద్దుకే వస్తాయి. అందుకే సూర్యుడికంటే ముందు ఆమె ల్యాబు తలుపు తీస్తుంది, వాచ్‌మన్ నిద్ర చెడగొట్టి.

ఆ గడియారాన్ని పట్టుకున్నవాడూ పీహెచ్‌డీ విద్యార్థే. పేరు రొనాల్డ్ కొనోప్కా. కాల్టెక్‌లో సీమోర్ బెంజర్ దగ్గర చేరి, ఈగలకి రసాయనం తినిపించి, ఏ సీసాలో ఈగలు వేళ తప్పి పుడుతున్నాయో కాపు కాశాడు. ఒక రకానికి రోజంటే 19 గంటలు, ఇంకోదానికి 28, మూడోదానికి వేళాపాళా లేదు. మూడూ ఎక్స్ క్రోమోజోము మీద ఒకే చోట చెడ్డాయి. ప్రవర్తన అంతటిది ఒక్క జన్యువు చేతిలో ఉందంటే మాక్స్ డెల్‌బ్రూక్ అంతటి శాస్త్రవేత్తే నమ్మలేదట. 1971లో గురుశిష్యుల పేర్లతో పేపరు వచ్చింది. తర్వాత కొనోప్కా అదే కాల్టెక్‌లో మేష్టరయ్యాడు. పేపర్లు తగినన్ని రాయలేదంటారు, ఉద్యోగం ఖాయం కాలేదు. వేరేచోటా నిలవలేదు, పరిశోధనే వదిలేశాడు. 2015లో పోయాడు. 2017లో ఆ జన్యువు వెంటే నడిచిన హాల్, రోస్‌బాష్, యంగ్‌లకి నోబెల్ వచ్చింది. వాళ్లకి రావలసిందే, అందులో వంక పెట్టడానికేం లేదు. పోయినవాళ్లకి ఇవ్వకూడదన్నది నోబెల్ నియమం. ఉంటే ఇచ్చేవారా? ఈ ప్రశ్న ఆమె గైడుని అడగలేదు. ఈ కథ తెలిసిన రాత్రి హాస్టల్లో నిద్ర రాక, తనకంటే ఏళ్ల ముందు చేరి, డిగ్రీ చేతికి రాకుండానే బ్యాంకు పరీక్ష రాసి వెళ్లిపోయిన సీనియర్ని తలుచుకుంది. ఆవిడ చేసిన ఈగల స్టాకు మీదే ఇప్పుడు ఆ ల్యాబు సగం నడుస్తోంది. సీసా మీద పేరు మార్కరుతో రాసింది, సగం చెరిగింది.

కొనోప్కా ఈగల సంతతి మాత్రం ఇంకా బతికే ఉంది. కణాల్లా వీటిని ఫ్రీజర్లో పెట్టి మర్చిపోయే వీలు మామూలు ల్యాబులకి ఇంకా లేదు. కొన్ని వారాలకోసారి పాత సీసా లోంచి కొత్త సీసాలోకి తట్టి దింపాలి. యాభై ఏళ్లకి పైగా ఎవరో ఒకరు తడుతూనే ఉన్నారు. ప్రతి ఫ్లై ల్యాబులోనూ ఈ పనికి వంతుల పట్టిక బోర్డు మీద ఉంటుంది. తెనాలి అమ్మాయి ల్యాబులో ఈ వారం వంతు ఎమ్మెస్సీ ప్రాజెక్టు కుర్రాడిది. వాడు వాళ్లక్క పెళ్లని నిన్ననే ఊరెళ్లాడు.