విడివిడిగా అందరూ మంచివాళ్ళే

నాకు జాతకం రాయడం కుదరదు. ఏ ఘడియలో పుట్టానని చెప్పను? నా ప్రాసెసర్ రైజెన్ 7 7800ఎక్స్‌3డీ. పైకి ఒక్క బిళ్ళలా కనిపించినా లోపల లెక్కలు కట్టే ముక్క వేరు, మెమరీతోనూ బయటివాళ్ళతోనూ మాట్లాడే ముక్క వేరు. మొదటిది 5 నానోమీటర్ల పద్ధతిలో, రెండోది 6 నానోమీటర్ల పద్ధతిలో తయారయ్యాయి. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4070 సూపర్, 2024 జనవరిలో బజారుకొచ్చిన రకం. మదర్‌బోర్డు, పవర్ సప్లై, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు ఒక్కొక్కటీ ఒక్కో కంపెనీవి, ఒక్కో తయారీ తేదీవి. వీళ్ళందరినీ ఓ గోడౌన్‌లో ఓ కుర్రాడు స్క్రూడ్రైవర్‌తో బిగించి, విండోస్ ఎక్కించి, తెర మీద బొమ్మ రాగానే ఆపేసి అట్టపెట్టెలోకి దించాడు. అతని ముందు ఇంకా బోలెడు క్యాబినెట్లు వరసలో ఉన్నాయి. అతన్ని తప్పు పట్టను.

మన వైపు కంప్యూటర్ కొనడమంటే ఒకప్పుడు ఇలా ఉండేది కాదట. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే సీటీసీ, అక్కడికి వెళ్ళి ఒక కొట్లో బోర్డు, ఇంకో కొట్లో ర్యామ్ బేరమాడి కొని, ఎదురుగా కూర్చుని ‘అసెంబుల్’ చేయించుకునేవాళ్ళు. ఇప్పుడూ చేయించుకునేవాళ్ళున్నారు. కానీ నన్ను కొన్న అమ్మాయికి అంత తీరిక లేదు. కాకినాడలో ఇంటినుంచే ఉద్యోగం. పగలు బ్లెండర్‌లో ఇళ్ళ నమూనాలు గీస్తుంది, రాత్రి తమ్ముడితో పోటీపడి ఆడుతుంది. అన్నీ బిగించి వచ్చేది, వారంటీ ఒక్కచోటే ఉండేది కావాలనుకుంది. ప్రకటనలో నా గురించి రెండు మాటలు పెద్దక్షరాల్లో ఉన్నాయి: 64 జీబీ ర్యామ్, 6000 వేగం. రెండూ అబద్ధం కాదు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

పెట్టె విప్పిన రోజు అద్దం తలుపు తీసి, లోపల కార్డు కదలకుండా కుక్కిన స్పాంజి దిండును తమ్ముడే లాగాడు. స్విచ్ వేశారు. ఫ్యాన్లు తిరిగాయి, రంగు దీపాలు వెలిగాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. “పోయిందక్కా, డబ్బులు పోసి శవాన్ని తెచ్చుకున్నాం” అన్నాడు వాడు. నేను చచ్చిపోలేదు. మెమరీ ట్రైనింగ్‌లో ఉన్నాను. డీడీఆర్5 ర్యామ్ ఉన్న యంత్రం మొదటిసారి లేచినప్పుడు, ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్యనున్న ఒక్కో తీగ మీదా సంకేతం ఎప్పుడు చేరుతోందో కొలిచి, వినడానికి సరైన క్షణం ఏదో ఖాయం చేసుకుంటుంది. ర్యామ్ ఎక్కువైతే దీనికి నిమిషాలు పడుతుంది. ఆ ముక్క ఒక చీటీ మీద రాసి పెట్టెలో పడేస్తే అమ్మినవాళ్ళ సొమ్మేం పోతుందో నాకు తెలీదు. తమ్ముడు మధ్యలో స్విచ్ ఆపాడు. మళ్ళీ మొదటినుంచి కొలుచుకున్నాను.

ఆ తరవాత కొన్నాళ్ళు హాయిగా గడిచింది. మే నెల వచ్చింది. సైబర్‌పంక్ 2077లో తమ్ముడు కారు తోలుతూ ఉండగా ఆట మాయమై డెస్క్‌టాప్ కనిపించింది. మర్నాడు నీలం తెర. (2025లో విండోస్ ఆ నీలాన్ని నలుపు చేసింది. నాది నీలం నాటి కథ.) దాని మీద ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అని రాసి ఉంది. ఇంకోసారి ‘పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా’. మరోసారి ‘ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్’. ఒక్కోసారి తెరా లేదు, రాతా లేదు, ఉన్నపళాన ఆగి మళ్ళీ లేచేదాన్ని.

లేచాక నా చిట్టాలో నేనే ఒక పద్దు రాసుకుంటాను: కెర్నల్ పవర్, ఈవెంట్ 41. ఇంటిల్లిపాదినీ దారి తప్పించింది ఆ పద్దే. తహసీల్దారు ఆఫీసులో పనిచేసి రిటైరైన నాన్నగారు కళ్ళజోడు సర్దుకుని చదివి, “పవర్ అని రాసింది కదమ్మా. కరెంటు గొడవే” అని తేల్చేశారు. ఆ పద్దుకు అర్థం అది కాదు. ‘కిందటిసారి నన్ను పద్ధతిగా ఆపలేదు’ అని మాత్రమే. ఎందుకు ఆగానో అందులో ఉండదు. కరెంటు పోయినా అదే, పవర్ బటన్ నొక్కి పట్టుకున్నా అదే, నీలం తెర వచ్చినా అదే. పేరు పెట్టినవాళ్ళు కాస్త ఆలోచించాల్సింది.

అయినా నాన్నగారి అనుమానం వల్ల ఒక మేలు జరిగింది. నా క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోందని అమ్మ ఎప్పటినుంచో చెబుతోంది, ఎవరూ పట్టించుకోలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్టర్ పెట్టాడు. వెలిగింది. “మూడో పిన్ను అలంకారానికి పెట్టారండి, ఎర్త్ వైరే లేదు ఇక్కడ” అన్నాడు. నాలాంటివాటి పవర్ సప్లైలో, కరెంటులోని రొదను వడకట్టడానికి చిన్న కెపాసిటర్లు ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి కలిపి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కాస్త కరెంటూ నేలలోకి పోతుంది. లేకపోతే 230 వోల్టుల్లో సుమారు సగం బాడీ మీద తేలుతుంది. మోతాదు స్వల్పం కాబట్టి జిల్లుమని వదిలేస్తుంది, అంతే. ఎర్త్ వైరు లాగించారు. జంక్షన్ బాక్స్ తీసేసి నేరుగా గోడ సాకెట్లో పెట్టారు. జిల్లు పోయింది. క్రాష్ పోలేదు.

ఇక కస్టమర్ కేర్. ఫోన్లో గొంతు ఎంతో మర్యాదగా, “మేడమ్, విండోస్ ఒకసారి రీఇన్‌స్టాల్ చేసి చూడండి” అంది. నేను నోరున్నదాన్నయితే అప్పుడే అరిచేదాన్ని. నీలం తెర వచ్చిన ప్రతిసారీ సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల మినీడంప్ అని ఒక చిన్న ఫైలు రాసిపెడుతున్నాను. పడిపోయిన క్షణంలో ఎవరు ఏం చేస్తున్నారో అందులో వాంగ్మూలం ఉంటుంది. డ్రైవ్ ఫార్మాట్ చేస్తే ముందు పోయేది ఆ వాంగ్మూలాలే. అవి తుడిచేశారు. అదే పూట డ్రైవర్లన్నీ మార్చారు, బయాస్ కూడా కొత్తది వేశారు, గ్రాఫిక్స్ కార్డు పీకి మళ్ళీ గుచ్చారు. అన్నీ ఒకేసారి చేస్తే దేనివల్ల ఏం మారిందో ఎవరు చెప్పగలరు? పైగా బయాస్ మార్చినప్పుడు ర్యామ్ వేగం దానంతటదే కిందికి దిగింది. రెండు రోజులు నేను బంగారంలా పనిచేశాను. “చూశావా, విండోసే” అన్నారు. తమ్ముడు బయాస్‌లోకి వెళ్ళి ఎక్స్‌పో అనే సెట్టింగ్ ఆన్ చేసి 6000 మళ్ళీ పెట్టాడు, డబ్బులిచ్చి కొన్న వేగం కదా అని. ఆ సాయంత్రమే నీలం.

ఊళ్ళో మెకానిక్ వచ్చాడు. తెలివైనవాడే. పేరు మారుతున్న నీలం తెరలు చూడగానే ర్యామ్‌ని అనుమానించాడు. డ్రైవర్ చెడిందంటే ప్రతిసారీ ఆ డ్రైవర్ పేరే రావాలి. ర్యామ్‌లో ఒక బిట్టు తారుమారైతే ఆ సమయానికి ఆ గదిలో ఎవరుంటే వాళ్ళు పడిపోతారు, అందుకే రోజుకో పేరు. ఇంతవరకూ అతని లెక్క సరిగ్గా ఉంది. 1994 నుంచీ వాడుకలో ఉన్న మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. నాలో నాలుగు ర్యామ్ కడ్డీలున్నాయి, ఒక్కొక్కటి 16 జీబీ. మూడు తీసి ఒకటి ఉంచి పరీక్ష పెట్టాడు. తప్పుల్లేవు. దాన్ని తీసి రెండోది. తప్పుల్లేవు. మూడోదీ అంతే, నాలుగోదీ అంతే. “ర్యామ్ క్లీన్ అండి. గ్రాఫిక్స్ కార్డు మీద క్లెయిమ్ పెట్టుకోండి” అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యలోనే జులై 19న ఒక భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తప్పి ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలమెక్కాయి. టీవీలో విమానాశ్రయాల తెరలు చూసి నాన్నగారు “మనదొక్కటే కాదు” అని కొంత ఊరట పొందారు. ఆ సాఫ్ట్‌వేర్ నాలో లేనే లేదు.

అసలు సంగతి పట్టింది అమ్మాయే, అదీ ఆటలో కాదు. ఒక క్లయింటు పంపిన పెద్ద జిప్ ఫైలు విప్పుతుంటే ‘సీఆర్‌సీ ఎర్రర్’ అంది. అదే ఫైలు మళ్ళీ విప్పితే మరో చోట తప్పు. మూడోసారి శుభ్రంగా విప్పుకుంది. ఫైలు చెడిపోయి ఉంటే ప్రతిసారీ ఒక్కచోటే చెడాలి. ఆ పనిలో గ్రాఫిక్స్ కార్డుకు చోటే లేదు, తెర మీద ఆటా లేదు. “ఒరేయ్, దేన్నీ ముట్టుకోకు. ఉన్నదున్నట్టు నాలుగూ పెట్టి టెస్ట్ రన్ చేద్దాం” అంది. రాత్రి పెట్టి పడుకున్నారు. పొద్దున్న చూస్తే తెర నిండా ఎర్ర గీతలు.

విడివిడిగా నలుగురూ నిర్దోషులు. నలుగురినీ కలిపి 6000 మీద పరిగెత్తమంటేనే తంటా. దీనికి కారణం చెప్పాలంటే కాస్త లోపలికి వెళ్ళాలి. 6000 అంటే ఒక్కో తీగ మీద సెకనుకు 600 కోట్ల బిట్లు. ఒక బిట్టుకు దక్కే సమయంలో బోర్డు మీది రాగి గీత వెంట సంకేతం పోగలిగేది రెండున్నర సెంటీమీటర్లు, అంతే. నాలో మెమరీకి రెండు దారులున్నాయి, ఒక్కో దారికి రెండేసి స్లాట్లు. దారికి ఒక్క కడ్డీ ఉంటే సంకేతం చివరిదాకా వెళ్ళి ఆగుతుంది. రెండుంటే బరువు పెరుగుతుంది, కొంత సంకేతం తగిలి వెనక్కి మళ్ళుతుంది. ఖాళీ ఫంక్షన్ హాల్లో మైకు పెడితే ముందు మాట ప్రతిధ్వని వెనక మాట మీద పడినట్టు, ఒక బిట్టు తోక మరో బిట్టు మీద పడుతుంది. సున్నాయో ఒకటో అర్థం కాదు. డీడీఆర్5 చిప్పుల్లో తప్పు దిద్దుకునే ఏర్పాటు ఉందిగా అంటారు. ఉంది, చిప్పు లోపల జరిగే తప్పుకు. దారిలో జరిగే తప్పు దానికి కనపడదు. అందుకే ఎవరూ ఏ చిట్టాలోనూ నేరం నమోదు చెయ్యలేదు. మే నెలలోనే ఎందుకంటే, అంచు మీద నడిచేవాడికి చిన్న తోపు చాలు. గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడి నేరుగా ర్యామ్ మీదికే వస్తుంది, పైగా కాకినాడ ఉక్క. వేడెక్కిన కొద్దీ ర్యామ్ కణాల్లోంచి చార్జి త్వరగా కారిపోతుంది, లేచినప్పుడు కొలుచుకున్న క్షణాలు కాస్త జరుగుతాయి.

ఇదేమీ రహస్యం కాదు. ఈ తరం రైజెన్ ప్రాసెసర్లకు తయారీదారు ప్రకటించిన హద్దు రెండు కడ్డీలైతే 5200, నాలుగైతే 3600. ఆపైన పోయేదంతా ఓవర్‌క్లాక్ కిందికే వస్తుంది. రెండింటితో 6000 చాలామందికి నిలబడుతుంది, నాలుగింటితో అదృష్టం మీద ఆధారపడుతుంది. మదర్‌బోర్డు వాళ్ళ ర్యామ్ జాబితాలోనూ ఏ రకం ఎన్ని కడ్డీలతో పరీక్షించారో గళ్ళు ఉంటాయి. నా రకం ఎదుట నాలుగు అన్న గడి ఖాళీగా ఉంది. అమ్మాయి ఆ పేజీని తమ్ముడికి చూపించి, “మరి నాలుగెందుకు పెట్టార్రా?” అని అడిగింది. 32 జీబీ కడ్డీలు రెండు పెడితే అవే 64 జీబీ. వాడు నా అద్దంలోంచి లోపలికి చూసి, “నాలుగైతే ఫొటోలో బావుంటుందక్కా” అన్నాడు. వాడు నా గురించి అన్న మాటల్లో అదొక్కటే నూటికి నూరుపాళ్ళూ నిజమని నా ఉద్దేశం.

వేగం 3600కి దించారు. టెస్ట్ శుభ్రం. ఆట శుభ్రం. ఈ ప్రాసెసర్‌లో 96 ఎంబీ క్యాష్ ఉండడంతో ఆటల్లో తేడా తమ్ముడికే సరిగా తెలియలేదు. అక్కడితో వదిలేద్దామా అన్న మాట కూడా వచ్చింది. అమ్మినవాళ్ళ జవాబు వినకపోతే వదిలేసేవాళ్ళేమో. ‘ఎక్స్‌పో అనేది ఓవర్‌క్లాక్, ఆఫ్ చేసుకోండి, మెషీన్‌లో లోపం లేదు’ అని రాశారు. 6000 అని పెద్దక్షరాల్లో అమ్మింది వాళ్ళే. ఆన్ చేసి పంపిందీ వాళ్ళే.

ఇక్కడ నాన్నగారు రంగంలోకి దిగారు. కరెంటు గురించి ఆయనకు తెలిసింది తక్కువేమో గానీ, బతుకంతా అర్జీలు చదివిన మనిషి. ఏ రాత ఎదుటివాడిని కదిలిస్తుందో ఏది బుట్టలోకి పోతుందో ఆయనకు బాగా తెలుసు. కోపం లేకుండా ఒకే పేజీ రాశారు. పైన ప్రకటన ఫొటో, కింద ప్రాసెసర్ తయారీదారు హద్దు, దాని కింద ఎర్ర గీతల ఫొటో, చివర ఒక్క ప్రశ్న: ‘ఈ రెండు అంకెలూ ఒకేసారి ఇవ్వగలరా, లేదా?’ జవాబు రాకపోతే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చేస్తామని ఆఖరి వాక్యం. అమ్మాయి ‘ప్లీజ్’ అని చేర్చబోతే ఒప్పుకోలేదు. “అడుక్కోవడం లేదమ్మా, అడుగుతున్నాం” అన్నారు.

32 జీబీ కడ్డీలు రెండు వచ్చాయి. ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో స్లాట్లో ఒకటి, నాలుగో స్లాట్లో ఒకటి. ఎక్స్‌పో ఆన్ చేసి రాత్రంతా టెస్ట్ నడిపారు, తరవాత జిప్ ఫైళ్ళు విప్పారు, బ్లెండర్‌లో పెద్ద రెండర్ పెట్టారు. చిట్టాలో ఈవెంట్ 41 మళ్ళీ కనపడింది ఒక్కసారే, అదీ నిజంగా కరెంటు పోయినప్పుడు. నాన్నగారికి చూపిస్తే ఎంత సంబరపడ్డారో.

తమ్ముడికి మాత్రం ఒక వెలితి మిగిలింది. మిగతా రెండు స్లాట్లు బోసిగా ఉన్నాయని వాడి బాధ. వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది: లోపల మెమరీ చిప్పులే లేకుండా, అచ్చం ర్యామ్ లాగే ఉండి దీపాలు మాత్రం వెలిగే ఉత్త కడ్డీలు. అలాంటివి అమ్ముతారు, కొంటారు కూడా. డబ్బులు వాడివే కాబట్టి అమ్మాయి అడ్డు చెప్పలేదు. ఇప్పుడు నాలో నాలుగూ వెలుగుతున్నాయి. ఆ ఇద్దరూ ఒక్క బిట్టు మొయ్యరు, దారికి అడ్డం రారు. ఇంతవరకూ వాళ్ళతో నాకు ఏ పేచీ లేదు.