ఫోటో తియ్యద్దు సార్

మా జిన్నారం మందుల ఫ్యాక్టరీల బెల్టు పెద్దమనుషులకు ఈ మధ్య అమెరికా డాక్యుమెంటరీ ఫోటోల మీద ప్రేమ పొంగుకొస్తోంది. హైదరాబాద్‌లో ఎక్కడ ప్రదర్శన పెట్టినా కార్లేసుకుని పోతారు. డొరోతియా లాంగ్ తీసిన వలస తల్లి బొమ్మ ముందు నిలబడి, ‘ఆ ముఖంలో ఎంత నిజం!’ అని తలాడిస్తారు. నిజమే మరి. 1936 నాటిది, అదీ కాలిఫోర్నియాది. అంత దూరపు నిజానికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు అక్కర్లేదు.

బఠానీ కాయలు ఏరే కూలీల గుడారంలో ఆ బొమ్మ తీయించింది సాక్షాత్తూ అమెరికా సర్కారే. తన పేదరికాన్ని తనే జీతమిచ్చి ఫోటో తీయించుకుంది! మన దగ్గర సర్కారీ ఫోటో అంటే ఒక మొక్క, చుట్టూ పదిమంది, అందరి చేతులూ ఒకే చెంబు మీద. తర్వాత ఆ మొక్క ఏమైందని అడగొద్దు. ఫ్లెక్సీ మాత్రం ఏటేటా ఏపుగా పెరుగుతోంది.

లాంగ్ ఫోటోలు పేపర్లో పడ్డాక ఆ శిబిరానికి 20,000 పౌండ్ల తిండి పంపారు. అది చేరేసరికే ఆ తల్లి వెళ్లిపోయింది. ఈ ఒక్క విషయంలో అమెరికా మనకు దగ్గరి చుట్టం.

ఫోటోగ్రాఫర్ లూయిస్ హైన్ ఇంకా ఘటికుడు. 1908 నుంచి, పిల్లలతో పని చేయించే మిల్లుల్లోకి బైబిళ్లు అమ్మేవాడి వేషంలో దూరేవాడు. పిల్లల ఎత్తు తన కోటు గుండీలతో కొలుచుకుని, జేబులో చెయ్యి పెట్టి గుట్టుగా రాసుకునేవాడు. మా గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీల్లో ఆ పప్పులుడకవు. గేటు దగ్గరే ఫోను అడుగుతారు, కెమెరా మీద గుండ్రటి స్టిక్కరు అంటిస్తారు, ఆపైన రిజిస్టరులో సంతకం. ఫార్ములా రహస్యం అంటారు. ఒప్పుకుందాం. వానపడ్డ రాత్రి గోడ కిందనుంచి వాగులోకి జారే నురగ కూడా రహస్యమేనా? అదైతే మా బర్రెలక్కూడా తెలుసు.

మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసే పటాన్‌చెరు కేంద్రం వదిలిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు తేల్చారు. శుద్ధి చేశాక సంగతి ఇది! దీనికి మాత్రం ఫ్రేము కట్టేవాడు దొరకలేదు.

జపాన్‌లోని మినమాటాలో ఫ్యాక్టరీ వదిలిన పాదరసం బారిన పడ్డవాళ్లను ఫోటోలు తీస్తూ యూజీన్ స్మిత్ 1972లో ఆ కంపెనీ మనుషుల చేతుల్లో తన్నులు తిన్నాడు. ఆయన ఫోటోలు కనిపిస్తే మావాళ్లు సెల్ఫీలు దిగుతారు. రేపు కాజిపల్లి చెరువు కట్ట మీద ఏ పిల్లోడో ఫోను పైకెత్తితే, జీపు దిగి ‘ఎవర్రా నువ్వు, ఏ పేపరు?’ అని గద్దించేదీ వాళ్లే. పిల్లోడు కాస్త తెలివైనోడైతే ఇట్లా చెప్పి తప్పించుకోవచ్చు: ‘బ్లాక్ అండ్ వైట్‌లనే తీస్తున్న సార్. ఎనభై ఏండ్లయినంక చూపిస్త.’