కుర్చీ ఖాళీ... వెతకండి!

లోకం అడిగిందల్లా వెతికిపెట్టడం యాహూ వ్యాపారం. తనకో సీఈవోను వెతుక్కోవడమే దాని వల్ల కాలేదు.

2007 జూన్ నుంచి 2012 జూలై దాకా ఆ కుర్చీ ఎక్కినవారు ఆరుగురు, తాత్కాలికులతో కలిపి. పాపం, గది తలుపు మీద పేర్లు రాసేవాడికి తీరికెక్కడిది?

2011లో కరోల్ బార్ట్జ్‌ను ఫోన్‌లోనే ఇంటికి పంపారు. ఆ కబురు ఉద్యోగులకు ఆవిడే మెయిల్ కొట్టారు. మెయిల్ కంపెనీ కదా, ఆ సేవైనా పనిచేసింది!

2012లో వచ్చిన స్కాట్ థాంప్సన్‌గారి బయోడేటాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ ఉంది. ఆయన దగ్గర లేదు. కనిపెట్టింది ఓ వాటాదారు. వెతుకులాట కంపెనీ బోర్డు మాత్రం వెతకలేదు. నాలుగు నెలలు దాటగానే ఆయనా సెలవు.

2008లో మైక్రోసాఫ్ట్ 4,460 కోట్ల డాలర్లిస్తానంటే, మా విలువ అంతేనా అని మూతి తిప్పుకున్నారు. 2017లో ఇంటర్నెట్ వ్యాపారాన్ని వెరిజాన్‌కు అమ్మింది దాదాపు 448 కోట్లకు. పెద్ద నష్టమేం కాదు, చివరి సున్నా ఒక్కటే రాలింది.

అమ్మకం ముగించి దిగిపోయిన మరిస్సా మేయర్‌కు వీడ్కోలు కానుక సుమారు 2.3 కోట్ల డాలర్లు. అందులో సున్నాలన్నీ భద్రం.