టైరు గోడ మీది ఏకపాద పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక.

ఈ పద్యం తాళపత్రాల్లో దొరికింది కాదు. టైరు పక్కగోడ మీద, నలుపు మీద నలుపుగా, ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది. చదవాలంటే మోకాళ్ళ మీద కూర్చోక తప్పదు. కవి తన పాఠకుడి చేత ముందే దండం పెట్టించుకున్నాడన్నమాట. కవి పేరు తెలియదు. శ్రీకారంతో మొదలుపెట్టలేదు కాబట్టి ఫలశ్రుతి మీద నాకు అనుమానమే.

వ్యాఖ్యాతల్లో పెద్దాయన మల్లినాథసూరి మన మెతుకుసీమ కొలిచెలమ వాడు. మూలంలో లేనిది రాయకూడదని ఆయన నియమం. నాకు అంత నిగ్రహం లేదు. పైగా నా శిష్యుడు మా బావమరిది. వాడితో మాట్లాడుతూ మూలానికి కట్టుబడటం ఎవరి తరమూ కాదు.

సందర్భం ఇది. మేముండేది టెక్సాస్‌లో, డల్లాస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. 2024 వేసవిలో మావాడు సెకండ్‌హ్యాండ్‌లో ఎనిమిది సిలిండర్ల పెద్ద ఎస్‌యూవీ కొన్నాడు. 22 అంగుళాల చక్రాలు, అద్దంలా మెరిసే క్రోమ్. దాని వెనక అద్దె ట్రైలర్ ఇల్లు తగిలించుకుని ఓక్లహోమాలోని బ్రోకెన్ బో అడవికి కుటుంబాలతో పోవాలని సంకల్పం. బండి చూపిస్తూ "ఎలా ఉంది బావా?" అన్నాడు. "పెళ్ళికొడుకులా ఉందిరా. పెళ్ళికొడుకు చేత బస్తాలు మోయిస్తావా?" అన్నాను. అక్కడినుంచి ఈ టీక పుట్టింది.

మూలం.

పి 265/70 ఆర్ 17 115 టి

ప్రతిపదార్థం.

పి = ప్యాసింజర్, అనగా మనుషులను మోయు జాతి. ఇదే చోట 'ఎల్‌టీ' అని ఉంటే లైట్ ట్రక్ జాతి, 'ఎస్‌టీ' అని ఉంటే ట్రైలర్ కోసమే పుట్టిన జాతి. ఎస్‌టీ టైర్లు బలంగా ఉన్నాయి కదా అని లాగే బండికి వేయరాదు. నడిపించడానికీ, మలపడానికీ వాటిని చేయలేదు. ఈడ్చుకెళ్తే వెనక వస్తాయి, అంతే.

265 = టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో.

70 = ఇక్కడ పండితులు కూడా జారిపడతారు. ఇది మిల్లీమీటర్లు కాదు. ముందున్న 265లో నూటికి 70 వంతులు, అంటే 185 మిల్లీమీటర్ల పైచిలుకు, పక్కగోడ ఎత్తు. జానెడుకు రెండు వేళ్ళు తక్కువ. మావాడి క్రోమ్ చక్రాల మీద 285/45 ఆర్ 22 అని ఉంది. 285లో నూటికి 45 అంటే 128. అక్కడ గోడ అయిదంగుళాలే. చక్రం పెరిగింది, టైరు తరిగింది. బయటి కొలత మాత్రం రెంటిదీ దాదాపు ఒకటే, ఒకటి 803 మిల్లీమీటర్లు, రెండోది 815. పాత్ర అదే, అడుగున ఇత్తడి మందం చేసి పాయసం తగ్గించారు.

ఆర్ = రేడియల్. రేడియస్ అని చెప్పేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. వ్యాసార్ధమే 17 అంగుళాలైతే చక్రం అడ్డకొలత 34 అవుతుంది. అది గంధర్వుల రథానికి సరిపోతుంది గానీ మన గరాజ్‌లో పట్టదు. రేడియల్ అంటే లోపలి దారాలు ఒక అంచు నుంచి రెండో అంచుకు అడ్డంగా, సూటిగా పరిచిన టైరు. 1946లో మిషెలిన్ దీనికి పేటెంట్ తీసుకుంది.

17 = చక్రం అడ్డకొలత, అంగుళాల్లో.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. వెడల్పు మిల్లీమీటర్లలో, గోడ శాతాల్లో, చక్రం అంగుళాల్లో. ఒక్క పాదంలో మూడు భాషలు! దీన్నే మణిప్రవాళం అంటాం. దీన్ని సంస్కరించాలని 1975లో మిషెలిన్ వారు టీఆర్‌ఎక్స్ పేర చక్రాన్ని కూడా మిల్లీమీటర్లలోకి తెచ్చి కొత్త పాఠం ప్రకటించారు. ఆ చక్రానికి ఆ టైరే ఎక్కాలి, మరొకటి ఎక్కదు. లోకం ఒప్పుకోలేదు. అంగుళం బతికింది.

115 = ఒక్క టైరు మోయగల బరువుకు సంకేతం. పద్యానికి ప్రాణం ఇదే, చదివేవాళ్ళు తక్కువ. 115 అంటే 115 కిలోలూ కాదు, పౌండ్లూ కాదు. పట్టికలో చూసుకోవాలి. 115కి 1215 కిలోలు, 113కి 1150, 110కి 1060. మావాడి క్రోమ్ వైభవానికి దక్కింది 110. ఆ మోత కూడా టైరులో గాలి పూర్తిగా ఉన్నప్పుడే.

టి = గంటకు 190 కిలోమీటర్ల వేగానికి తాళునది. వెనక ట్రైలర్ ఉన్నవాడికి ఈ అక్షరంతో పని లేదు. ముందుకు పోదాం.

శంక.

"బావా, గోడ పొట్టిగా ఉంటే బిగువుగా ఉంటుంది కదా. ట్రైలర్ ఊగినప్పుడు బండి కూడా ఊగదు. అంటే 22 అంగుళాలదే మంచిది కదా!"

పూర్వపక్షం బలమైనదే, కొట్టిపారేయడానికి లేదు. ఎత్తయిన మెత్తటి గోడ పక్కలకు ఒరుగుతుంది, తోక ఊగుతున్నట్టు స్టీరింగ్‌లో తెలుస్తుంది కూడా.

సమాధానం.

బరువు మోసేది రబ్బరు కాదు, గాలి. రబ్బరు గాలిని పట్టి ఉంచుతుంది. బిగువు కావాలంటే గాలి తీసేసి ఇనుము పెంచక్కర్లేదు. 17 అంగుళాల చక్రానికే ఎల్‌టీ జాతిలో 'ఇ' శ్రేణి టైరు దొరుకుతుంది. దాని గోడ దళసరి, 80 పీఎస్‌ఐ దాకా గాలి పడుతుంది, అప్పుడు 121 అంకె, అనగా టైరుకు 1450 కిలోలు. కానీ ఒక మెలిక ఉంది. పి జాతి 35 పీఎస్‌ఐతో మోసే బరువుకు ఎల్‌టీ అంతకంటే ఎక్కువ గాలి అడుగుతుంది. ఎల్‌టీ వేయించి పాత గాలే ఉంచినవాడు మల్లుణ్ణి పిలిచి పస్తు పడుకోబెట్టినవాడు. పైగా ట్రైలర్ లేని రోజుల్లో ఆ బిగువుకి నడుము ఎగురుతుంది. నెలకోసారి లాగేవాడికి మంచి అంకె ఉన్న పి చాలు. వారం వారం లాగేవాడు ఎల్‌టీ వేయించుకోవాలి.

ఇక లెక్క. మా ట్రైలర్ నీళ్ళ ట్యాంకు, గ్యాస్ సిలిండర్లు, ఆవకాయ జాడీతో కలిపి 6000 పౌండ్లు. అందులో నూటికి 10 నుంచి 15 వంతులు కొక్కెం మీద పడాలి. తక్కువైతే ట్రైలర్ పాములా ఊగుతుంది. మాది 12 వంతులు, 720 పౌండ్లు. ఈ 720 వెనక చక్రాల మీద 720గా పడదు. కొక్కెం వెనక ఇరుసుకు నాలుగడుగుల అవతల ఉంది. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 116 అంగుళాలు. ఏతాం కొయ్య గుర్తుందా? తోక దగ్గర తొక్కితే మూతి లేస్తుంది. ముందు చక్రాల మీద నుంచి 298 పౌండ్లు లేచి, వెనక చక్రాల మీద మొత్తం 1018 పడుతుంది. బరువు పంచే కొక్కెం వేస్తే కొంత మళ్ళీ ముందుకు పోతుంది. మావాడి దగ్గర మామూలు కొక్కెమే.

ట్రక్కులు ఆగే చోట తూకం ఉంటే వెళ్ళి నిలబెట్టాం. వెనక ఇరుసు 4120 పౌండ్లు. క్రోమ్ టైరు మోత 1060 కిలోలు, అంటే 2337 పౌండ్లు. ప్యాసింజర్ జాతి టైరును ఎస్‌యూవీకి వేస్తే ఆ మోతను 1.1తో భాగించాలని అమెరికా నిబంధన. రెండు టైర్లూ కలిపి 4250 తేలింది. మిగులు 130 పౌండ్లు. ఇది మా అత్తగారు బండెక్కకముందు తూకం.

"బావా, మరి 115 వేస్తే?"

"రెండూ కలిపి 4870."

కాసేపు క్రోమ్‌ని చూశాడు. "నెలకి ఒకసారేగా లాగేది" అన్నాడు. మూలానికి ఎప్పుడూ ఇలాంటి వ్యాఖ్యాతలుంటారు.

పాఠభేదాలు.

కొన్ని ప్రతుల్లో 285/70 ఆర్ 17 అని కనిపిస్తుంది. ఇది బండి ఎత్తుగా, మీసం తిప్పినట్టు ఉండాలని కోరే కుర్రవాళ్ళ పాఠం. 31.6 అంగుళాల టైరు 32.7 అవుతుంది. 3.73 ఇరుసు నిష్పత్తి 3.60 అయినట్టు ఇంజనుకు తోస్తుంది. ఎత్తు రోడ్డు మీద సైకిల్ పెద్ద గేరులో తొక్కినవాడికి ఈ పాఠభేదం బోధపరచక్కర్లేదు. స్పీడు ముల్లు కూడా కొద్దిగా అబద్ధమాడుతుంది. ఒంటరిగా తిరిగే బండికైతే ఫరవాలేదు గానీ లాగే బండికి అపపాఠమే.

విశేషం.

టైరు గోడ మీదే సన్న అక్షరాల్లో గరిష్ఠ గాలి అని ఒక అంకె ఉంటుంది. అంతా అదే కొట్టాలనుకుంటారు. అది లక్ష్మణరేఖ, నివాసస్థలం కాదు. బండి ఏ సైజు టైరుతో, ఎంత గాలితో నడవాలో డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద అంటించిన కాగితంలో ఉంటుంది. అయితే ఈ తలుపు శాసనాన్ని కూడా నమ్మి చెడినవాళ్ళున్నారు. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. వాటిలో చాలా మటుకు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ల కింద ఉన్నవి, తలుపు కాగితం 26 పీఎస్‌ఐ అన్న బండ్లు. తప్పు టైరుదా, గాలిదా, బండిదా అని రెండు కంపెనీలూ వాదించుకున్నాయి. ఆ ఏడాదే వచ్చిన చట్టం పుణ్యమా అని ఇప్పుడు గాలి తగ్గితే డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతోంది. కాకపోతే చెప్పిన గాలిలో పావు వంతు పోయేదాకా వెలగకుండా ఉండే హక్కు దానికి ఉంది. 35కి 26 దాకా దిగాక "అయ్యో" అంటుంది. వెనక మూడు టన్నులు పెట్టుకున్నవాడు దీపం కోసం చూడడు, పొద్దున్నే చల్లటి టైరుకు గేజి పెడతాడు.

తాత్పర్యం.

మోసేవాడికి 17 అంగుళాల చక్రం, ఎత్తు గోడ, పెద్ద అంకె. చూపించుకునేవాడికి 22.

చివరికి మావాడు క్రోమ్ చక్రాలు గరాజ్‌లో దుప్పటి కప్పి దాచి, ఒక పాత సెట్టు 17లు సంపాదించి 115 అంకె టైర్లు వేయించాడు. దుప్పటి మా అక్కయ్యగారిది, అది వేరే వ్యాజ్యం.

బయల్దేరేరోజు పొద్దున ట్రైలర్ అద్దెకిచ్చినాయన "టైర్లు కొత్తవే, అచ్చులు చూడండి" అన్నాడు. నిజమే, నేల తాకే చోట గాడి ఒక్కటీ అరగలేదు. కానీ ట్రైలర్ టైరు అరిగి చావదు, ఎండకు ఎండి చస్తుంది. తయారీ తేదీ పడ్డ వైపు లోపలికి తిప్పి బిగించారు. పాత చీర పరుచుకుని, ఫోన్ లైటు పట్టుకుని ట్రైలర్ కిందకి దూరాను. 'డాట్' అన్న మాట వెంట అక్షరాల బారు, చివర నాలుగంకెలు: 2317. 2017లో 23వ వారం. ఆ వారం మావాడు ఇంకా అమీర్‌పేటలో కోచింగ్‌కి వెళ్తున్నాడు.

కింద నుంచే చదివి వినిపించాను. పైన కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా అత్తగారు అడిగారు, "ఏమిటి అల్లుడుగారూ, ఇవాళ వెళ్ళేది లేదా?"

నాలుగు టైర్లూ మార్పించేసరికి సాయంత్రం నాలుగైంది. హైవే 75 ఎక్కి షెర్మన్ దాటేటప్పటికి పులిహోర డబ్బా ఖాళీ.