కేకు చేసిన కుట్ర

కరోనాలో గడప దాటొద్దని దేశమంతటికీ రూల్సు రాసింది బ్రిటన్ ప్రధాని కార్యాలయం. ఆ ఆఫీసూ, దాని ఇరుగుపొరుగు ఆఫీసులూ కలిసి వేయించుకున్న జరిమానాలు 126.

2020 మే 20న ఆ ఆఫీసు తోటలో విందు. ఎవరి సీసా వాళ్లే తెచ్చుకోండంటూ వంద మందికి పైగా ఆహ్వానం. అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్ పాతిక నిమిషాలు అక్కడే ఉండి, అది ఆఫీసు పనే అనుకున్నారట! సర్కారు పనికి వంద మందిని పిలిస్తే సొంత సీసాతో సహా రావడం ఏ దేశంలోనైనా రికార్డే.

జూన్ 19న ఆఫీసులోనే ఆయన పుట్టినరోజు వేడుక. కేకే మాటువేసి మీద పడిందని అప్పటి ఎంపీ కానర్ బర్న్స్ వాదన. జరిమానా జాన్సన్ కట్టారు. కేకు తప్పించుకుంది.

జాన్సన్ సలహాదారు డొమినిక్ కమింగ్స్ అంతకు ముందే దారి చూపారు. చూపు సరిగా ఉందో లేదో తేల్చుకోవడానికి భార్యాబిడ్డల్ని కారెక్కించుకుని బార్నార్డ్ కాజిల్ అనే ఊరి దాకా నడుపుకుంటూ వెళ్లారు. అక్షరాల బోర్డు పెట్టుకు కూర్చున్న కంటి డాక్టర్లు ఏమైపోవాలి?

2021 ఏప్రిల్ 16 రాత్రి ప్రధాని కార్యాలయంలోనే రెండు వీడ్కోలు పార్టీలు. మర్నాడు అప్పటి రాణిగారి భర్త ప్రిన్స్ ఫిలిప్ అంత్యక్రియలు. రూల్సు ప్రకారం రాణిగారు మాస్కు కట్టుకుని ఒంటరిగా కూర్చున్నారు. ఇదీ ఆఫీసు పనేనని చెప్పి నలుగురినీ పక్కన కూర్చోబెట్టుకోవచ్చు కదా! పాపం, ఆవిడకి సరైన సలహాదారులు లేరు.