నా బెల్టు బిగించండి

నాది నారింజ రంగు. ఛాతీ మీద మూడు బెల్టులు, భుజం దగ్గర దారానికి కట్టిన ఈల. లైఫ్ జాకెట్‌ని. గండి పోచమ్మ గుడి రేవు నుంచి పాపికొండలకు వెళ్లే లాంచీలో నా కొలువు.

వెనకటి కాలంలో మా జాతి కడుపులో బెండు ముక్కలుండేవి. తర్వాత తెల్లబూరుగు దూది కూరారు. నాలో ఉన్నది ఫోమ్. దాని నిండా గాలి సన్నటి అరల్లో మూసుకుని ఉంటుంది కనుక, పైగుడ్డ చిరిగినా నేను తేలతాను. నిలువెత్తు మనిషిని ఇంత తేలిక సరుకు ఎలా మోస్తుందని చాలామందికి అనుమానం. నీళ్లలోకి దిగాక మనిషి బరువు కొద్ది కిలోలకు మించదు. ఆ కాస్తా మోస్తే తల పైనుంటుంది. ఛాతీ వైపు, మెడ చుట్టూ ఫోమ్ ఎక్కువ పెట్టింది మొహం పైకి తిరిగి ఉండాలనే. కానీ బెల్టులు బిగించాలి. ఊరికే తగిలించుకుంటే నీళ్లలో పడగానే నేను పైకి లేస్తాను, మనిషి నాలోంచి కిందికి జారిపోతాడు.

2019 సెప్టెంబరు 15 తర్వాత కొన్నవాటిలో నేనొకదాన్ని. ఆ ఆదివారం సంగతి మా సరంగు చెప్పగా విన్నాను. గోదావరి 5 లక్షల క్యూసెక్కులు దాటి పోతోంది. కచ్చులూరు దగ్గర సుడిలో పడి టూరిస్టు బోటు తిరగబడింది. ఉక్కకు ఓర్వలేక చాలామంది జాకెట్లు విప్పేసి ఉన్నారట. యాభై మంది వరకు పోయారు. బతికినవాళ్లను తమ చిన్న పడవల్లో గట్టుకు చేర్చింది అక్కడి గిరిజనులే. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం ఆ బోటును పైకి లాగేసరికి అక్టోబరు 22 అయింది. అంతకు రెండేళ్ల ముందు, 2017 నవంబరు 12న, కృష్ణలో పవిత్ర సంగమం దగ్గరా ఇలాంటి ఘోరమే జరిగింది.

కచ్చులూరు ప్రమాదం తర్వాత కొంతకాలం బోట్లు ఆగాయి. ప్రభుత్వం బోట్లు తిరిగే చోట్ల కంట్రోల్ రూములు పెట్టింది. 2020 జూన్‌లో తొమ్మిది మొదలయ్యాయి. వరద ఎంతుందో చూసి, ఎక్కినవాళ్లను లెక్కపెట్టి, బోటు ఫిట్‌నెస్, సరంగు లైసెన్సు సరిచూశాకే తాడు విప్పాలని ఏర్పాటు. 2021లో దేశానికంతటికీ కొత్త ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. అంతకుముందున్నది 1917 నాటిది. ఇదంతా మంచి పనే, మనస్ఫూర్తిగా అంటున్నాను.

నా దిగులల్లా మామూలు రోజుల మీద. ప్రమాదం జరిగిన ఏడాది అందరికీ భయముంటుంది. బెల్టు బిగించుకోమని ఒకరు చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఎండ కాస్తుంది, నది నిలకడగా ఉంటుంది, పాపికొండల మధ్య గాలి హాయిగా వీస్తుంది. అప్పుడే చేతులు నా బెల్టుల మీదికి పోతాయి.

మొన్న కార్తీకంలో నన్నేసుకున్న మామ్మగారు కొల్లూరు రాకముందే, "ఊపిరాడ్డం లేదురా నాయనా" అంటూ మొదటి బెల్టు తీయబోయింది. గైడు కుర్రాడు పక్కన కూర్చున్నాడు. "తీయకండి మామ్మగారూ, కాస్త వదులు చేస్తాను" అని పట్టీ ఒక అంగుళం జార్చి, రెండు వేళ్లు దూర్చి చూసి, మళ్లీ క్లిప్పు టక్కున వేశాడు. ఆవిడ చేత ఈల కూడా ఊదించాడు. చుట్టూ పిల్లలు చప్పట్లు కొట్టి తమ ఈలలూ ఊదారు. ఆ కుర్రాడికి ఎవరో ఓపిగ్గా నేర్పారు, అందుకే గదమాయించకుండా చెప్పగలిగాడు. అలాంటి శిక్షణ ఒక్కసారి ఇచ్చి ఊరుకుంటే చాలదు. సరంగులు మారతారు, కుర్రాళ్లు వేరే పనుల్లోకి పోతారు. ప్రతి సీజనుకు ముందు మళ్లీ మొదటినుంచీ నేర్పాల్సిందే. దానికి ఏటా డబ్బు కేటాయించాలి, మనుషుల్ని పెట్టాలి. బడి పిల్లలకూ చెప్పాలి. ఇంట్లో పెద్దల్ని ఒప్పించేది వాళ్లే. పసివాళ్లకు సరిపోయే చిన్న జాకెట్లు ప్రతి బోటులో ఉండాలి, పెద్దవాళ్లది వేస్తే పిల్లాడు కిందినుంచి జారతాడు.

ఇక నా సంగతి. నన్ను మడిచి తలకింద పెట్టుకుంటారు, మీద కూర్చుంటారు. నలిగిన ఫోమ్ మళ్లీ మునుపటిలా ఉబ్బదు, ఎండకు కుట్లు పెళుసవుతాయి. పైకి రంగు బాగానే కనిపిస్తుంది. అందుకని ఏడాదికొకసారి నన్ను నీళ్లలో వేసి, మనిషికి తొడిగి తేల్చి చూడండి. తేలకపోతే బెల్టులు కోసి పారేయండి. తక్కువ ధరకు ఇంకో బోటుకు మాత్రం అమ్మకండి.