టక్కుమన్నదల్లా మౌంటింగే అనుకున్నాను

బండిలో నలుగురు కూర్చుని ఉండగా కింద ఎక్కడో "టక్" మంటే, "ఏమో, నాకు తెలియదు" అనగలిగిన డ్రైవరు మన జిల్లాల్లో ఇంకా పుట్టలేదు. ఏదో ఒక పేరు చెప్పాలి, అదీ వెంటనే చెప్పాలి. మనం చెప్పకపోతే పక్కవాడు చెప్పేస్తాడు. ఆ తర్వాత స్టీరింగు మన చేతిలో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. నేనూ చెప్పాను. "ఇంజన్ మౌంటింగు పోయింది" అన్నాను. ఆ ఒక్క మాటను నిజం చేయడానికి ఎన్ని దిర్హాములు తగలేశానో మా ఇంట్లో ఇప్పటికీ పూర్తిగా తెలియదు. మీరు నాలాంటివారే కాబట్టి మీకు చెబుతున్నాను.

నేనుండేది బనియాస్‌లో. అబూధాబి ద్వీపం దాటి లోపలికి, అల్ ఐన్ వెళ్ళే రోడ్డు పక్కన ఉంటుంది. ఇటు కొంచెం పోతే ముసఫ్ఫా, అంతా గ్యారేజీలూ స్పేర్ పార్టుల దుకాణాలూ. అటు అల్ వత్బా దాటి పోతే అల్ ఖతిమ్, ఇక కన్ను ఆనినంత మేరా ఇసుకే. విల్లాల ముందు ల్యాండ్ క్రూయిజర్లు, నిస్సాన్ పెట్రోల్‌లు బారులు తీరి ఉంటాయి. ఆ రెండు బండ్ల వంశమూ జపానులో 1951లోనే మొదలైంది. ఇక్కడి కుర్రాళ్ళు సెలవురోజు సాయంత్రం టైర్లలో గాలి తగ్గించుకుని దిబ్బలెక్కుతుంటే చూడాలి! మాది జగిత్యాల వైపు. చిన్నప్పుడు జీపంటే ఎన్నికలప్పుడు దుమ్ము లేపుకుంటూ వచ్చేది, మేం దాని వెనక పరుగెత్తేవాళ్ళం. అలాంటివాణ్ణి తెచ్చి ఈ దిబ్బల పక్కన పెడితే మనసు ఊరుకుంటుందా? దేశం వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర పాత డబుల్ క్యాబిన్ ఫోర్ వీల్ పికప్ కొన్నాను. ముల్కియా, అంటే బండి రిజిస్ట్రేషన్ కార్డు, నా పేరు మీదికి మారిన రోజు దానికి నా చేత్తోనే కొబ్బరికాయ కొట్టాను.

గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డు ఉంది. టూ హెచ్, ఫోర్ హెచ్, ఫోర్ ఎల్. ఫోర్ హెచ్‌లోకి తోస్తే మీటరు దగ్గర ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. ఆ దీపం నన్ను పాడు చేసింది. కిరాణా కొట్టుకి పోయినా, మాల్ పార్కింగులో తిరిగినా, రూమ్మేట్లను డ్యూటీ దగ్గర దింపినా ఆ దీపం వెలగాల్సిందే. నాలుగు చక్రాలకూ డబ్బులిచ్చి రెండే తిప్పుకోవడమేమిటి? ఇదీ నా లెక్క. మలుపులో స్టీరింగు బిగుసుకునేది, టైర్లు కీచుమనేవి, బండి ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఆగి ఆగి కదిలేది. వెనక సీటులోని తమ్ముడు "అన్నా, ఏంది గట్ల గుంజుతుంది?" అని అడిగితే, "పవర్ రా, పవర్" అన్నాను. గుండె మీద చేయి వేసుకుని, పూర్తి నమ్మకంతో అన్నాను.

అసలు జరిగేది ఇది. బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పెద్ద వలయంలో పోతాయి, వెనకవి చిన్న వలయంలో. అంటే ముందు షాఫ్టు కొంచెం ఎక్కువ తిరగాలి, వెనకది కొంచెం తక్కువ. ల్యాండ్ క్రూయిజర్ల పెద్ద రకాల్లో చాలావాటికి ఈ తేడాను సర్దుబాటు చేయడానికి మధ్యలో ఇంకో డిఫరెన్షియల్ ఉంటుంది. అందుకే అవి ఎప్పుడూ నాలుగు చక్రాల మీదే నడవగలవు. నా పికప్‌కి అది లేదు. ఫోర్ హెచ్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు ముందు షాఫ్టునూ వెనక షాఫ్టునూ ఒకటిగా కట్టేస్తుంది. ఇసుకలోనైతే టైరు కాస్త జారి తేడా తీరిపోతుంది. ఎండిన తారు రోడ్డు మీద టైరు జారదు. ఆ తేడా అంతా పోయేదారి లేక, తడి పంచె పిండినట్టు షాఫ్టులూ గేర్లూ మెలిపడి బిగుసుకుంటాయి. ఆ బిగువు ఒక్కసారిగా వదిలినప్పుడు కింద "టక్". అలా రోజూ పిండుతూ పోతే ఏ జాయింటైనా ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది?

మొదట సిగ్నల్ దగ్గర బ్రేకు వదిలినప్పుడు వినిపించింది. తర్వాత ముందు గేరు నుంచి రివర్సుకి మార్చినప్పుడు. మౌంటింగు మార్పించాను. చప్పుడు పోలేదు. "ఇంజనుది కాదు, గేర్‌బాక్సు మౌంటింగు" అన్నాను, అదీ మార్పించాను. పోలేదు. షాకబ్జర్ బుష్షులన్నాను, మార్పించాను. ఈసారి మెకానిక్కుల మీదే అనుమానం వచ్చింది, నేనే విప్పి చూద్దామనుకున్నాను. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఈ దేశంలో ఎండలో పని చేయించకూడదని చట్టం. కూలివాడి కోసం ప్రభుత్వం అంత ఆలోచించింది. నా గురించి నేను ఆలోచించలేదు. సరిగ్గా ఆ వేళలోనే, నడినెత్తిన సూర్యుడు మండుతుంటే, బండి కింద అట్ట పరుచుకుని పడుకుని ప్రొపెల్లర్ షాఫ్టు విప్పాను. చూశాను. ఏమీ అర్థం కాలేదు. మళ్ళీ బిగించాను. అప్పటిదాకా చప్పుడొక్కటే ఉండేది. ఆ రోజు నుంచి ఎనభై స్పీడు దాటగానే సీట్ల కింద వణుకు కూడా మొదలైంది.

అంతటితో ఆగినా బాగుండేది. చప్పుడు క్రౌన్ పినియన్‌దని ప్రకటించాను, షార్జా పాత సామాన్ల బజారులో హౌసింగ్ ధర కూడా మాట్లాడి వచ్చాను. డబ్బు కట్టే ముందు ఒకసారి ఇసుకలో పరీక్షిద్దామని సెలవురోజు రూములో ఉన్నవాళ్ళందర్నీ ఎక్కించుకుని అల్ ఖతిమ్ వైపు బయల్దేరాను.

ఇసుకలో టైరు గాలి పదిహేనుకి తగ్గించాను, ఫోర్ హెచ్ వేశాను, బండి దిబ్బ మీద సాఫీగా తేలిపోయింది. చప్పుడు లేదు! "చూసిండ్రా? సెట్ అయింది" అన్నాను. ఎందుకు సెట్టయిందో నాకేం తెలుసు? తిరుగు ప్రయాణంలో గాలి నింపాను గానీ ఆ దీపం ఆర్పలేదు. ఆర్పడానికి చెయ్యి రాలేదు, వెనక చప్పట్లు కొడుతున్నారు. హైవే దిగాను, బనియాస్‌లోకి మలుపు తీసుకున్నాను, బండి కుంటింది, ఇంకో మలుపు, ఇంకా కుంటింది, జంక్షన్ నడిమధ్యలో కింద ఏదో పగిలినంత పని అయ్యింది, ఆపేశాను. టూ హెచ్‌కి లాగాను. రాడ్డు రాలేదు. రెండు చేతులతో లాగాను. రాలేదు. పక్క సీటులోవాడు కూడా పట్టాడు, ఇద్దరం కలిసి లాగాం, కాలు డ్యాష్‌బోర్డుకి తన్నిపెట్టి లాగాం, రాలేదు, వెనక హారన్లు, పచ్చ దీపం పోయి ఎర్ర దీపం, మళ్ళీ పచ్చ దీపం, తమ్ముడు దిగి బండిని తోస్తానంటాడు, ఇంకొకడు సుత్తి ఉందా అంటాడు, నా చొక్కా మొత్తం తడిసి ముద్దయింది. ఇంతలో పక్క బండిలోంచి కందూరా వేసుకున్న ఒక పెద్దాయన దిగి వచ్చాడు. లోపలికి తొంగి చూశాడు, ఆకుపచ్చ దీపం చూశాడు. హిందీలోనే, ఎంతో నెమ్మదిగా, "పీఛే లో. సీధా పీఛే, థోడా" అన్నాడు. వెనకబండి వాళ్ళను ఆయనే చెయ్యెత్తి ఆపాడు. నేను స్టీరింగు తిన్నగా పెట్టి బండిని కొద్దిగా వెనక్కి తీశాను. కింద ఒక పెద్ద "ఠాప్". రాడ్డు వేలితో తోస్తే వచ్చేసింది. మెలి పడ్డ దిక్కుకి ఎదురు తిప్పితే బిగువు విప్పుకుంటుంది, అంతే. ఆయన నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. గది చేరేదాకా బండిలో ఎవరూ మాట్లాడలేదు. అంతకన్నా వాళ్ళు నవ్వి ఉంటే నాకు సులువుగా ఉండేది.

ఇంత దూరం ఎందుకు తెచ్చుకున్నానని చాలాసార్లు ఆలోచించాను. డబ్బు బాధ ఉంది, అది చిన్నది కాదు. కానీ తెలియదన్న మాట నోట్లోంచి రాకపోవడమే నన్ను ఎక్కువ నష్టపరిచింది. ఊళ్ళో మనం "దుబాయి పోయినోడు". ఇక్కడ గదిలో "బండి ఉన్నోడు". ఈ రెండు పేర్లూ మోస్తున్న మనిషికి ఎవరినైనా ఒక ప్రశ్న అడగడం తల కొట్టేసినట్టుంటుంది. మీకు ఎప్పుడూ ఇలా అనిపించలేదంటే సంతోషం, మీ చేతికి నా తాళాలు ఇస్తాను.

ముసఫ్ఫాలో నిజామాబాద్ నుంచి వచ్చిన కాకా ఒకాయన ఉన్నాడు. ఊళ్ళో లారీలు, ఇక్కడ ఫోర్ వీల్ బండ్లు, జీవితమంతా బండి కిందే గడిచింది. ఆయన పానా ముట్టలేదు. ముందు అడిగాడు.

"సప్పుడు ఎప్పుడొస్తది?"

"ఎప్పుడూ వస్తది కాకా."

"ఎప్పుడూ రాదు బిడ్డా. బండి కదిలినప్పుడా, ఆగినప్పుడా? మలిపినప్పుడా? గేరు మార్చినప్పుడా?"

ఎన్నో భాగాలు మార్పించిన నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు. మలుపులో వరసగా టకటకమంటే ముందు చక్రాల సీవీ జాయింటు చూడాలట. కదిలేటప్పుడూ ఆగేటప్పుడూ ఒక్కటే టక్ అయితే షాఫ్టు చివర్ల కీళ్ళలో ఉండే క్రాసులు, జారే స్ప్లైను, కమాను పట్టీల యూ బోల్టులు. స్పీడుతో పాటు పెరిగే హోరు అయితే బేరింగు గానీ క్రౌన్ పినియన్ గానీ. నాది రెండో రకం. హౌసింగ్ కొనాల్సిన పనే లేదు!

చక్రాలకు అడ్డం పెట్టించి, గేరు న్యూట్రల్ చేయించి, కాకా కిందికి దూరాడు. నన్నూ రమ్మన్నాడు. క్రాసుకి అటువైపు ఒక చెయ్యి, ఇటువైపు ఒక చెయ్యి వేసి ఎదురెదురుగా తిప్పమన్నాడు. మంచి క్రాసులో ఆట ఉండదు. నా వెనక క్రాసు చేతికి కదిలింది. కప్పుల అంచున ఎర్రటి తుప్పు పొడి రాలుతోంది, లోపలి సూది బేరింగులు గ్రీజు లేక అరిగి పిండి అయిపోయాయన్నమాట. స్ప్లైను కూడా ఎండిపోయింది. బండి ఎగిరి దిగినప్పుడల్లా షాఫ్టు పొడవు కొంచెం మారాలి. అందుకే దాన్ని ఒకదానిలో ఒకటి జారేలా చేస్తారు. అది జారకుండా పట్టుకుని, పట్టు వదిలినప్పుడు మనకు వినిపించేదే ఆ టక్.

ఆ వణుకు సంగతి కాకా చూడగానే చెప్పాడు. "షాఫ్ట్ ఎవడు ఇప్పిండు?" అన్నాడు. నేనే విప్పానని చెప్పాను. ఆయన తిట్టలేదు, చాక్‌పీసు తీసుకుని షాఫ్టు రెండు చివర్ల చెవులనూ చూపించాడు. అవి రెండూ ఒకే వరసలో ఉండాలి. నేను బిగించేటప్పుడు స్ప్లైను తప్పి తిప్పాను. తర్వాత కూర్చుని చదివాను. వంకరగా తిరిగే ఒక్క క్రాసు, షాఫ్టు ఒక చుట్టు తిరిగేలోగా రెండుసార్లు వేగం పెంచి రెండుసార్లు తగ్గిస్తుంది. రెండో చివర ఉన్న క్రాసు దానికి ఎదురుగా పనిచేసి ఆ ఎత్తుపల్లాలను సరిచేస్తుంది, చెవులు వరసలో ఉంటేనే. పదహారో శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు ఈ షాఫ్టుకి నిలిచింది. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ దాని మీద పనిచేశాడు. అంత పాత సంగతిని నేను ఒక మధ్యాహ్నం ఎండలో పాడు చేశాను. అందుకే కాకా మాట అందరికీ చెబుతున్నాను: షాఫ్టు విప్పే ముందు రెండు వైపులా గుర్తు పెట్టండి, సుద్దముక్కయినా సరే.

కొత్త క్రాసు వేశాడు. స్ప్లైను నిప్పల్‌కి గ్రీజు గన్ను నా చేతికిచ్చి తనే పక్కన నిలబడ్డాడు. నేను ఉత్సాహంగా కొడుతూనే ఉన్నాను. కాకా నా మణికట్టు పట్టుకున్నాడు. లోపల ఖాళీ మొత్తం గ్రీజుతో నిండితే షాఫ్టు లోపలికి జారలేదు, ఆ తోపుడంతా ట్రాన్స్‌ఫర్ కేసు బేరింగు మీద పడుతుందన్నాడు. క్రాసుకైతే పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టవచ్చు, స్ప్లైనుకి అలా కాదు. మొత్తం ఖర్చు నేను బుష్షులకు పెట్టిన దాంట్లో చిన్న ముక్క.

ఇప్పుడు బండి తారు రోడ్డు మీద టూ హెచ్‌లోనే నడుస్తుంది. ఇసుక అంచున ఆగి గాలి తగ్గించాకే ఫోర్ హెచ్, తారు రోడ్డు ఎక్కే ముందు టూ హెచ్. రివర్సు వేసినప్పుడు సన్నగా ఒక టక్ మాత్రం మిగిలింది. దాని గురించి భయంభయంగా అడిగితే, గేరు పళ్ళకు పళ్ళకు మధ్య ఆ మాత్రం సందు ఉండాలనీ, లేకపోతే వేడెక్కి పట్టేస్తాయనీ, అది పెరిగినప్పుడే తన దగ్గరికి రమ్మనీ చెప్పాడు కాకా. మొన్న తమ్ముడు వెనక సీటులోంచి, "అన్నా, ఏదో టక్కుమన్నది" అన్నాడు. "ఎప్పుడన్నది రా, ఆగినప్పుడా, కదిలినప్పుడా?" అని అడిగాను. వాడు తెలియదన్నాడు. బండి పక్కకి ఆపి, ఇద్దరం ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ పోనిచ్చి విన్నాం. వెనక డాలాలో జాకీ దొర్లుతోంది.